చెయ్యి ఎండనీ

(కాలేజీలో స్పానిష్ టీచరు గది. శనివారం మధ్యాహ్నం. తాళాల కొట్టు యజమాని క్యారేజీతో సహా వచ్చి కూర్చున్నాడు.)

"ఒక్క ముక్క చాలు మేడమ్. భాషంతా ఎవరడిగారు? గొళ్ళెం కోసం వచ్చినవాడికి తలుపు అంటగడతామా?"

"ఆ ఒక్క ముక్క ఏమిటో చెప్పండి ముందు."

"‘మా అమ్మాయి పోయింది. ఇక ఫోన్ చేయకండి.’ ఇంతే."

"ఎవరికి చెప్పాలి?"

"మీరే మా అమ్మాయికి జత చేశారుగా, ఆ అవ్వకి."

"వృద్ధాశ్రమంలో ఉండే పెద్దావిడా? ఫోన్‌లో స్పానిష్ మాట్లాడటం అలవాటు కావాలని మా పిల్లలకి తలా ఒక పెద్దాయననో పెద్దావిడనో అప్పగిస్తాం, సముద్రాల అవతల, భూగోళానికి ఆ వైపు... అయ్యో. ఆవిడ ఇంకా చేస్తున్నారా?"

"ప్రతి శనివారం. నేను తిని లేచేలోపు మోగుతుంది, పిచ్చుక ఫోను."

"పిచ్చుకంటే..."

"మా అమ్మాయేనండీ. ఇంట్లో అలా పిలిచేవాణ్ణి. నోరు మూయదుగా, ఒకటే కిచకిచ. మూసేది... మూసేది కాదు."

"మరి మీరు ఎత్తి ఏమంటారు?"

"సీ."

"సీ అంటే అవునని."

"తెలుసు. నాకు అదొక్కటే నేర్పింది. ‘ఏమడిగినా సీ అను నాన్నా, మంచివాడనుకుంటారు’ అంది. అవ్వ ఏదో చెబుతుంది, నేను సీ అంటాను. మళ్ళీ ఏదో చెబుతుంది, మళ్ళీ సీ. మధ్యమధ్యలో ‘పిచ్చుక’ అంటుంది. ఎక్కడుందని అడుగుతోందిగా పాపం? దానిక్కూడా సీ! నా మొహం."

"పిచ్చుక పోయినప్పటి నుంచీనా? ఇన్ని నెలలూ?"

"మొదటిసారి ఎత్తకూడదనే అనుకున్నానండీ. మోగి మోగి ఆగింది. ఇల్లు ఇంకోసారి బోసిపోయింది. మళ్ళీ మోగగానే పరుగెత్తాను."

"పోనీ నేను చెబుతాను. రెండు నిమిషాల పని."

"వద్దొద్దు. మీరు చెబితే అయిపోతుంది."

"అవ్వాలనేగా వచ్చారు?"

"అవ్వాలి. అవ్వాలి, నిజమే. కానీ నా నోటితో... ఆవిడ ఈ ఫోన్ కోసం చీకటి ఉండగానే లేస్తుందట. మనకి మధ్యాహ్నమైతే అక్కడింకా తెల్లారదట. పిచ్చుక చెప్పింది. నా జన్మలో నాసిరకం తాళం ఒక్కటీ అమ్మలేదు మేడమ్. ఇప్పుడీ వయసులో, లేని సరుకు లోపల ఉందని చెప్పి ఒక ముసలి ప్రాణాన్ని గుమ్మంలో కూర్చోబెట్టాను."

"ముందు భోంచేయండి. చల్లారిపోతోంది."

"తింటే మోగుతుంది."

"తినకపోయినా మోగుతుందండీ."

"అదీ నిజమే. ఇక్కడ తినొచ్చా? ఎవరూ ఏమనరుగా?"

"ఆ పుస్తకాలు ఇటివ్వండి. ఊఁ, తినండి... మెల్లగా! ఎవరో తరుముతున్నట్టు ఏమిటా తొందర?"

"కొట్టువాడి తిండి ఇంతే. నోట్లో ముద్ద, కంట్లో గుమ్మం. దీనికే పోట్లాడేది నాతో. ఏదో పాఠం చెప్పారట మీరు, తిన్నాక కూర్చోవడం గురించి. కూర్చోవడానికి కూడా కాలేజీయా అన్నాను."

"సోబ్రెమెసా. అక్కడ భోజనం అయ్యాక చప్పున లేవరు. కంచాలు అలాగే ఉంచుకుని కబుర్లు చెప్పుకుంటారు. దానికే ఆ పేరు."

"అదే, అదే. ‘కోటి విద్యలు కూటి కొరకే, నీ విద్య ఏ కూటికే?’ అని వెక్కిరించాను. ఏమందో తెలుసా? ‘కూడు తిన్నాక ఏం చేయాలో చెప్పే విద్య నాన్నా’ అంది."

"క్లాసులో కూడా అంతే. మాటకి మాట తయారుగా ఉండేది."

"‘కాసేపు కూర్చో, చెయ్యి ఎండనీ’ అనేది. నేను లేచిపోయేవాణ్ణి. ఎవడో గొళ్ళెం కోసం వస్తాడని. వాడు వచ్చాడో లేదో కూడా గుర్తు లేదండీ ఇప్పుడు."

"ఊరుకోండి. మంచినీళ్ళు తాగండి."

"వాళ్ళమ్మ పోయాక ఆ బల్ల దగ్గర మేమిద్దరమే. ఇద్దరిలో ఒకడు లేచిపోతే మిగిలేది ఒక్కతే. పొద్దస్తమానం లెక్కలు చేసేవాణ్ణి, ఈ లెక్క ఇప్పుడు తేలింది నాకు... అదిగో! మోగింది. చెప్పానా?"

"స్పీకర్‌లో పెట్టండి."

"ఆ ముక్క నేర్పనేలేదు మీరు!"

"ఎత్తండి ముందు, ఆగిపోతుంది."

"సీ... సీ అవ్వా, నేనే. సీ. ఇదిగో మొదలెట్టింది. విన్నారా, పిచ్చుక అంది! ఎక్కడుందనేగా అడిగేది? మేడమ్? ఏమిటి మీ మొహం అలా అయిపోయింది?"

"ఉండండి. విననివ్వండి... ఆవిడ అడగడం లేదు."

"మరి?"

"చెబుతున్నారు. చిన్నప్పుడు పిచ్చుక మీ కొట్లో తాళంచెవుల గుత్తి మెళ్ళో వేసుకుని తిరిగేదట. ‘పోయిన వారం వానలో గొడుగు సంగతి చెప్పాను, ఇవాళ ఇది’ అంటున్నారు."

"ఆ గుత్తి... చల్లగా తగిలితే కిలకిలా నవ్వేది. ఇది నాకూ దానికీ తప్ప ఎవరికీ తెలియదే! ఈవిడకెవరు చెప్పారు?"

"పిచ్చుకే. ఆస్పత్రి మంచం మీంచి."

"అవును... ఊపిరి అందకపోయినా ఆ ఫోన్ వదిలేది కాదు. మార్కుల కోసం పాకులాడుతోందనుకున్నాను. ‘చాల్లే, పడుకో’ అని కసిరాను కూడా."

"మార్కులు అంతకుముందు ఏడాదే వేసేశామండీ."

"అంటే... సరే, సరే. మీరే చెప్పేయండి. నా వల్ల కాదు. పోయిందని చెప్పండి. మెల్లగా. పెద్ద ప్రాణం."

"చెప్పాను."

"ఏమంటోంది? ఏడుస్తోందా?"

"లేదు. తెలుసంటున్నారు."

"ఏం తెలుసు?"

"పోయిందని. మొదటి నుంచీ తెలుసట."

"తెలిసి ఎందుకు చేస్తోంది మరి? లేని పిల్ల ఫోనుకి, ఆ చీకట్లో లేచి, ఎవరి కోసం?"

"అడుగుతున్నాను... మీరెక్కడికి లేస్తున్నారు?"

"చెయ్యి కడుక్కోవాలి. ఎండిపోయింది."

"కూర్చోండి. దయచేసి కూర్చోండి. పిచ్చుక ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఆవిడ దగ్గర మాట తీసుకుందట. ‘శనివారం మా నాన్న అన్నం తినే వేళకి ఫోన్ చెయ్యి అవ్వా. ఇక ఒక్కడే తినాలి ఆయన. తిన్నాక లేవనివ్వకు’ అని."