ఎండకు తూము మూసిన నీరుగంటి

కదిరెప్ప అని ఒక నీరుగంటి ఉండె. నీరుగంటి అంటే తెలుసు గదా, చెరువు తూము ఎప్పుడెత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చెప్పేటోడు. గడియారం లేదు. ఎండలో నిలబడి తన నీడను తన అడుగులతోనే కొలిచి, "నీ వంతు అయిపోయింది పో" అన్నాడంటే అయిపోయినట్టే. తాతల నాటి వంతుకర్ర చేతిలో ఉంటే ఎంత పెద్ద రైతైనా నోరెత్తడు. ఏమైందంటే, ఆ చెరువు ఎండిపాయె, కర్రకు పని లేకపాయె. కొండ అడ్డమని ఆ ఊరికి బయటి కరెంటూ రాదు. ఊరోళ్లంతా కలిసి చెరువుకట్ట మీద సోలారు పలకలు పరిపించిరి, కొండ మీద రెండు గాలిమరలు నిలబెట్టిరి, వచ్చిన కరెంటు దాచేదానికి ఒక గదినిండా బ్యాటరీలు పెట్టిరి. మరి పంచేదెవరు? పంచడం తెలిసినోడు కదిరెప్పే గదా అని గది తాళం ఆయన చేతికే ఇచ్చిరి, కర్రకు మళ్లీ పని వచ్చె.

ఇంక చూడు ఆయన పెత్తనం! "ముందు నిండాల, నిండినాకే తూమెత్తేది" అని పొద్దుగూకే దాకా ఎవరినీ మీట నొక్కనియ్యలేదంట. పిండిమర ఖాసింబీ వచ్చి, కదిరెప్ప మామా, ఎండ నెత్తిన మండుతాంటే నా మర ఎందుకు నిలబెట్టినావు అనడిగితే, "తొందరెందుకమ్మా, పొద్దుగూకినాక తిప్పుకో పో" అన్నాడంట. పొద్దుగూకింది. ఏడు బోరు మోటార్లు, పిండిమర, ఇంటింటికీ ఫ్యాన్లు, టీవీలు, అన్నీ ఒక్కసారే బ్యాటరీల మీద పడె. గాలిమరలు ఆదుకుంటాయా అంటే అది చైత్రం, ఆకు కదలదు. ఎసరు మరిగే లోపల ఊరంతా చీకటి. ఒక అల్లుడు చీకట్లో తడుముకొని పిల్లనిచ్చిన మామ తింటాండే కంచంలో చెయ్యి కడిగినాడంట, అనుకో! మూడు దినాలు ఇదే వరస. చెనక్కాయ చేలు వాడిపోతాండె. "ఆదివారం పంచాయితీకి కూచుంటాం, ఆ పొద్దు వంతుకర్ర కింద పెట్టి పో" అని ఊరు తేల్చి చెప్పింది.

 కదిరెప్ప మొండోడు గదా, తప్పు నాదంటాడా? దొంగ ఎవడో కరెంటు తోడుకుంటాండాడు, పడతా వాణ్ణి అని శనివారం పొద్దున్నే గది ముందర కాపలా కూచున్నాడు. మధ్యాహ్నం పెండ్లాం ఎర్రక్క సంగటి తెచ్చింది. ఆ పచ్చదీపమేంది అనడిగింది. "బ్యాటరీలు నిండినాయని." ఎప్పుడు నిండె? "పొద్దున నీడ ఐదడుగులున్నప్పుడే నిండె," అన్నాడు గర్వంగా. "మరి అప్పటినుంచి కాసే ఎండ యాడికి పోతాంది?" ఆయన పచ్చదీపం దిక్కు చూసె. "చెరువు నిండి మరవ మీద నీళ్లు పొర్లిపోతాంటే, ఏనాడన్నా నువ్వు తూము మూసుకొని కూచుంటివా?" అంది ఎర్రక్క.

సంగటి ముద్ద కంచంలోనే వదిలేసె. చెయ్యి కూడా కడగలేదు, లేచి పరిగెత్తె. "ఖాసింబీ, మర తిప్పు!" అంటే ఆమె మంచం మీంచి కదలకుండా, "తొందరెందుకు మామా, పొద్దుగూకనీ" అనె. బతిమాలించుకొని బతిమాలించుకొని తిప్పింది. ఆ పొద్దు నుంచి నీడ కొలిచి ఎండ ఉండంగానే మోటార్లకు వంతులు, నడిమధ్యాహ్నం పిండిమర. దాచింది రాత్రి దీపాలకు, ఫ్యాన్లకు. మబ్బు పట్టే ఆషాఢంలో గాలిమరలు ఎట్లానూ తిరుగుతాయి. చేలకు ఆ పొద్దే తడి తగిలె.

మరునాడు ఆదివారం ఊరు కూచుంది. కదిరెప్ప కర్ర నేలకు తాటించి ఏమన్నాడంటే, "నాకు ముందే తెలుసు. ఎండ విలువ మీకు తెలియాలనే మూడు దినాలు చీకట్లో పెట్టినా!" జనం నవ్విరి గానీ కర్ర మాత్రం ఆయన చేతిలోనే ఉండనిచ్చిరి. ఎర్రక్క నిన్నటి మాట ఎవరికీ చెప్పలేదంట. ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరు పిండి ఆడించుకోవాలన్నా నీడ కొలిచి వంతు చెప్తాడు. ఎర్రక్క గంప నెత్తిన పెట్టుకొని వస్తే మాత్రం కొలవడు, నీడ ఎన్ని అడుగులున్నా పక్కకు తప్పుకుంటాడు. ఎందుకని ఆయన్ను అడగొద్దండి, కర్ర చేతిలోనే ఉంది!