పట్టాభి సారు పడవ

ఏది బిడ్డా, గా తాళాల గుత్తి ఇటియ్యి జర. కండ్లు ఆనకపోయినా చెయ్యి గుర్తుపడ్తది. అగో... అరె అరె! ఇది బీరువాది గాదు లాస్యా, పెట్టెది గాదు, అసలు తాళంచెవే గాదు. బిరడా ఇది. ఇత్తడి బిరడా. సూడు, చుట్టూ మరలున్నయా లేవా? మీ తాత పడవది, అడుగున నీళ్లు ఇడిచే తూటుకు బిగిచ్చేది. నవ్వకు! అవ్, పడవే. మీ నాయిన జెప్పలేదా? జెప్పడు, సిగ్గు ఆయనకు. కూసో. ఆ పీట మీద గాదు, దాని కాలు ఊగుతది. కట్టె పని జేసే ఈ వడ్ల దశరథ ఇంట్ల పీట కాలు ఊగుతదని ఊళ్లె చెప్పకు మల్ల, ఉన్న ఇజ్జత్ గూడ పోతది.

ఎకరాలు పోయి గజాలొచ్చిన కాలం అది. ఇటు తుక్కుగూడ దాక ఏడ జూసినా ప్లాట్ల తెల్లరాళ్లే. నాకైతే దర్వాజలు చేసి చేసి చేతులు కాయలు గాసినయ్. మీ తాత పట్టాభిరామయ్య సారు పట్నంల టూరిస్టు బోట్ల కాడ మెకానిక్ పని జేసి రిటైరైండు. ధర్మేందర్ అని ఒక బ్రోకర్ ఉండె, సచ్చినోడు ఇప్పుడు కార్పొరేటర్ లెక్క తిరుగుతడు. వాడు సారుకు రంగుల కాయితం సూపిచ్చిండు. లేక్ వ్యూ ప్లాటంట. బొమ్మల నీలం నీళ్లు, నీళ్ల మీద పడవ, పడవల మొగుడు పెండ్లాం. సారు పైసలు కట్టి ఇల్లు కట్టిండు, లారీల సామానుతోటి దిగిండు. మీ నానమ్మ వసంతలక్ష్మమ్మ గోదావరి లంకల పుట్టిన మనిషి, పొద్దున లేస్తే నీళ్ల మొకం జూసిన మనిషి. లారీ దిగి అటు జూసింది, ఇటు జూసింది. "ఏవండీ, చెరువేదండీ?" సారు ధర్మేందర్ దిక్కు జూసిండు. వాడు ఏలు సూపిచ్చి, "గదే మేడమ్, గా మేకలున్న కాడ" అన్నడు. అంతే! పెద్ద చెరువు ఎండి ఎన్నేండ్లైందో నాకే యాదికి లేదు. తుమ్మచెట్లు మొలిచినయ్, పోరగాండ్లు క్రికెట్ ఆడుతుండె. ఆ దినం నుంచి ఆమె సారుతోటి మాట్లాడుడు బంద్. సారు పక్కకే కూసుంటే, "దశరథ గారూ, అన్నం పెట్టానని ఆయనకి చెప్పండి" అంటది. నేను, "సారూ, అన్నం పెట్టిందట" అని జెప్పాలె. కిటికీలకు రెక్కలు బిగియ్యనీకి పోయినోణ్ని, నడుమ టెలిఫోన్ తీరుగైన! తమ్మునికి ఉత్తరం గూడ రాసింది, వైశాఖంల వచ్చి తోల్కపొమ్మని. పెట్టెకు తాడు గట్టి అర్రల పెట్టింది. సారు ఆ పెట్టె పక్కపొంటి నడవాల్నంటే భయపడుతుండె. పాపం, పెండ్లాం పోతదని మనిషి సగమైండు.

ఇంకోడైతే ధర్మేందర్ గల్ల పట్టేటోడు. మీ తాత ఏం జేసిండో తెల్సా? తను పని జేసిన కాడికి పోయి, తుక్కు కింద పడేసిన ఫైబర్ పడవ కొన్కొచ్చిండు. డీసీఎం లారీల వచ్చింది, ఊరంత ఎన్క ఉరికింది. పక్కింటి ఎంకయ్య, "సారూ, దీనికి గడ్డేస్తరా, దాణా పెడతరా?" అన్నడు. ఊరు ఊరంత నవ్వుడే నవ్వుడు. సారు గూడ నవ్విండు. పైకి జూస్తె పడవ గట్టిగనే ఉంది బిడ్డా. లోపల నడుం కట్టెలు, అడుగు చెక్కలు, ఎనక పలక మొత్తం కుళ్లినయ్. ఏలు పెడితే అటుకులోలె రాలె. లోపలికెళ్లి జెర్రి గూడ బయటికొచ్చింది. సారు, "ఫైబర్ కుళ్లదు దశరథా, దాని కడుపులో కట్టే కుళ్లుతుంది. కట్టె పని నువ్వు చెయ్యి, మీద గుడ్డా జిగురూ నేను వేస్తాను" అన్నడు. నేనడిగిన, "అది సరే సారూ, చెరువు?" అని. "చెరువుదేముందయ్యా, వస్తుంది. వచ్చిననాడు మన దగ్గర పడవ లేకపోతే సిగ్గుచేటు కదా?" గిట్లాంటోనితోని ఏం మాట్లాడతవ్ చెప్పు! నాగలి చేసిన, బండి చేసిన, పాడె గూడ కట్టిన. పడవ చేసుడు అదే మొదలు.

మేమిద్దరం రెండు నెలలు ఆ పడవ కడుపుల్నే ఉన్నం. కుళ్లినదంత గీకినం, టేకు కట్టెలు కోసినం. ఫైబర్ మీద అంటించే అద్దం నూలు గుడ్డ ఉంటది చూడు, అది ముట్టుకుంటె దురద, దూలగొండి నయం. జిగురు గట్టిపడనీకి కలిపే మందు చుక్కంత ఎక్కువ పడ్డదో, మన ఎండలకు బకెట్ల బకెట్లనే పొగలు గక్కి రాయైతది. నా కుంచె అట్లనే బకెట్ల నిలబడి సచ్చింది. దాని వాసనకైతే ఇద్దరికీ తల తిరిగి, ఊకెనే నవ్వుడు. నా పెండ్లాం శంకరమ్మ వచ్చి, "సీసా ఏడ దాసిండ్రు?" అని పడవంత దేవులాడింది! ఇగ ఒక్క తప్పు పని జేసిన నేను. మా కులపోళ్లం గడప నిలబెడితే పసుపు రాసి బొట్టు పెట్టంది నిలబెట్టం. సారేమో, "దుమ్ము కూడదు, నూనె కూడదు, పసుపు అసలే కూడదు, జిగురు పట్టదు" అని గట్టిగ జెప్పిండు. నా పానం ఊకుంటదా? సారు అన్నానికి పోయినంక ఎనక పలకకు నిండుగ పసుపు రాసి బొట్టు పెట్టిన. పెట్టినంక భయమైంది. పొద్దున వచ్చి జూస్తె, ఆ పలక మీద గుడ్డ అతికించి జిగురు పూసేసి ఉంది. ఇగ నోరు ఇప్పలే.

పడవ అయిపోయింది. కారుతదో లేదో సూడాలంటె నీళ్లల్ల దింపాలె. నీళ్లేయి? సారు తలకాయ జూడు, "నీళ్లు పడవలో పోద్దాం. లోపల నీళ్లు బయటికి రాకపోతే, బయట నీళ్లు లోపలికి రావు" అన్నడు. ఇసుక నింపిన టైర్ల మీద పడవ పెట్టి ట్యాంకర్ పిలిచిండు. గల్లీ ఆడోళ్లంత బిందెలతోటి లొల్లికొచ్చిండ్రు. మా శంకరమ్మే ముందల, "మనుషులకు లేవు గని పడవకు తాపుతరా!" అని. "తాగి మీకే ఇస్తుందమ్మా, ఒక్క గంట ఆగండి" అన్నడు సారు. సరిగ్గ అప్పుడే మీ నానమ్మ తమ్ముడు హేమచంద్ర దిగిండు, ఆమె పెట్టె ఎత్తుకొని అర్రలకెళ్లి బయటికొచ్చిండు. ఆమె చెప్పులేసుకుంది. సారు మొకం జూడలేకపోయిన బిడ్డా. పడవ సగం నిండింది. మేమంత కింద వంగి జూస్తున్నం. పావుగంట, అరగంట... ఎనక పలక కింద ఇసుక తడిసింది! సరిగ్గ నా పసుపు కాడ. నా పై పానాలు పైన్నే పోయినయ్. "సారూ, నేనే సారూ! చెప్పినా ఇనకుంట పసుపు రాసిన సారూ!" అని అందరి ముందల మొత్తుకున్న. ఇంతల పడవ కిందికెళ్లి ఎంకయ్య కుక్క, కాలు దించుకుంట, తాపీగ బయటికొచ్చింది.

నవ్వుడు! అబ్బబ్బబ్బ! బిందెలు కింద పడేసి నవ్విండ్రు ఆడోళ్లు. ట్యాంకర్ డ్రైవర్ టైర్ పట్టుకొని కూలబడ్డడు. సారు నా భుజం మీద చెయ్యేసి చెవుల, "ఆ రోజే చూశానయ్యా. పసుపంతా గీకేసి అప్పుడు జిగురు పూశాను. ఎండాక పైన నీ బొట్టు మళ్లీ నేనే పెట్టాను, వంగి చూడు" అన్నడు. వంగి జూసిన. ఉంది బిడ్డా. ఎర్రగ, రూపాయంత. గిప్పటికీ ఉంది. ఇంతల ఎనకనుంచి, "ఏవండీ" అని పిలుపు. నాలుగు నెల్లకు మొదటి మాట! మీ నానమ్మ చెప్పులిడిచి వచ్చి నిలబడ్డది. "ఏవండీ, కాస్త చెయ్యివ్వండి." సారు చెయ్యిచ్చిండు. ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకొని ఎక్కి, నడుం దాక నీళ్లల్ల కూసుంది. ఎండల, ఇంటి ముందల, పడవల! దోసిటితోని నీళ్లు తీసి సారు మొకాన కొట్టింది. "గోదారంత లేదండీ, కానీ చల్లగా ఉంది" అన్నది. తమ్ముడు, "అక్కా, బస్సు టైమవుతోంది" అంటే, "నువ్వెళ్లరా" అన్నది. మా శంకరమ్మకు కోపమొచ్చింది, "ఆమె తానం జేసిన నీళ్లు మాకా?" అని. మల్ల అదే ముందల బిందె పెట్టింది, బట్టలకు పనికొస్తయని.

బిరడా మీ నానమ్మనే తిప్పి తీసింది. బిందెలు నిండినయ్. తీసిన బిరడాను తాళాల గుత్తికి ఎక్కిచ్చుకుంది. "చెరువొచ్చిన రోజు నేనే పెడతాను" అన్నది. రెండేండ్లకు సారు పోయిండు. గుండెపోటు. చెరువు రాలే. మస్తు ఏండ్లకు చెరువు నిండింది, అలుగు దుంకింది, ఊరంత ఉరికింది. నేను మీ నానమ్మ కాడికి ఉరికిన, "అమ్మా, నీళ్లొచ్చినయ్, బిరడా ఇయ్యి" అని. ఆమె గుత్తిని కొంగుల ముడేసుకుంది. "ఆయన చెయ్యివ్వకుండా నేనెలా ఎక్కేది దశరథ గారూ?" అన్నది. ఇంటికొచ్చి ఏడ్చిన. ఆ పడవను మా కొట్టంల బోర్లేసి, మీద చెక్కలు పేర్చిన. ఇప్పుడామె గూడ పోయె. గుత్తి నీ చేతికొచ్చె.

ఊఁ... ఏడ్వకు. పాగల్ దానివా, కుక్క ముచ్చట చెప్పినంక గూడ ఏడుస్తరా ఎవలన్న? లే. ఆ ట్రాక్టరోడు లింగస్వామికి ఫోన్ కొట్టు, పడవను చెరువు కాడికి గుంజనీకి రమ్మను. చెరువుల నీళ్లున్నయ్, పొద్దు గూడ ఉంది. బిరడా నువ్వే పెట్టు, ఎక్కేటప్పుడు చెయ్యి నేనిస్త. ముందుగాల గా చెక్కలు జరుపు, మొలలుంటయ్, పైలం.