పెద్దమ్మ వేస్తేనే

కంటి ఆస్పత్రి వరండా. పాప లోపల డాక్టరు దగ్గర, వాళ్ళ నాన్న ఒళ్ళో ఉంది. బయట బెంచీ మీద పాప తల్లి, ఆమె అక్క. అక్క పనిచేసేది ఆ ఆస్పత్రిలోనే.

"కంట్లో వాపు మళ్ళీ పెరిగిందా? నిజం చెప్పక్కా."

"పెరిగింది. పోయినసారి కంట్లో నాలుగైదు కణాలే కనిపించాయి. ఇప్పుడు లెక్కకు అందడం లేదట."

"తెల్లకణాలేగా? అవి ఒంటికి కాపలా కదే! తొమ్మిదిలో బడి మానేసినా ఆ పాఠం మాత్రం అయింది నాకు."

"కాపలావే. కానీ దొంగ లేకుండానే కంట్లో జొరబడి, సొంతింటినే కొడుతున్నాయి. తలుపు సందులోంచి ఎండ పడితే దుమ్ము తేలుతూ కనిపిస్తుందే, అలా ఉంది దాని కన్ను."

"చూపు..."

"ఇలాగే వదిలేస్తే పోతుంది."

"అను, అను. నువ్వు చుక్కలు వేస్తే తగ్గింది, నేను వేస్తే పెరిగింది. అదేగా నీ నోట్లో ఉన్న మాట?"

"నేనేమన్నానే ఇప్పుడు?"

"అనక్కర్లేదులే. నీ ఇంట్లో వారం ఉంచానో లేదో, 'పెద్దమ్మ వేస్తేనే కన్ను తెరుస్తా' అంటుంది. నిద్రలో పిలిచిందీ నిన్నే. పక్కన పడుకున్నది నేను!"

"అందుకే చెప్పాపెట్టకుండా తీసుకుపోయావా?"

"నా కూతురే, తీసుకుపోనా? నీకంటే బాగా చూసుకున్నాను. గంట గంటకీ అలారం పెట్టుకుని వేశాను. ఒక్క పూట తప్పితే ఒట్టు!"

"తెలుసు."

"మరి ఎందుకు తగ్గలేదు? ఆఁ? ఎందుకు?"

"సీసా ఊపాలి."

"ఊపడమేంటి?"

"వేసే ముందు ప్రతిసారీ బాగా ఊపాలి. మందంతా అడుగున పేరుకుంటుంది. ఊపకపోతే పైనున్న నీళ్ళే పడతాయి."

"నీళ్ళా? ఇన్నాళ్ళూ నీళ్ళు పోశానా దాని కళ్ళల్లో? ఎవరూ చెప్పలేదే నాకు!"

"సీసా మీద రాసుంది."

"ఇంగ్లీషులో! నాకేం తెలుస్తుందే? అక్కా, నా చేతుల్తో నేనే..."

"ఏడవకు. తప్పు నీది కాదు."

"ఇంకెవరిది? నీదా?"

"శుక్రవారం మీ ఇంటికొచ్చానుగా. నువ్వు చుక్కలు వేస్తుంటే గుమ్మంలోంచి చూశాను. ఊపలేదు నువ్వు."

"చూశావా? చూసి... మరి చెప్పలేదేం?"

"తగ్గకపోతే దాన్ని మళ్ళీ నా దగ్గరే ఉంచుతావనుకున్నాను."