కుడి భుజం వెలగలేదు

డిజైన్ కాలేజీలో కుట్టుగది. పక్క హాల్లో ఇరవైమంది డిజైనర్లు ఎదురుచూస్తున్నారు. వాళ్లకి క్లాసు చెప్పడానికి వచ్చిన చెల్లెలు, పదిహేడేళ్లుగా ఇక్కడే కుట్టుపని చేస్తున్న అక్క. అక్క ఒంటి మీద సైకిలు తొక్కేవాళ్ల కోసం చేసిన, భుజాల మీద దీపాలున్న జాకెట్టు.

“మళ్లీ ఎత్తు.”

“ఎత్తాను కదే.”

“అది ఎడమచెయ్యి. వెలిగింది, బాగుంది. కుడిచెయ్యి ఎత్తక్కా.”

“ఇదిగో. ఏమైంది?”

“ఏమీ కాలేదు. అదే నా బాధ. కుడిచెయ్యి ఎత్తితే కుడి భుజం మీద దీపాలు వెలగాలి. నిన్న మధ్యాహ్నం వెలిగాయి.”

“బ్యాటరీ అయిపోయిందేమో.”

“రెండు భుజాలకీ ఒకటే బ్యాటరీ. విప్పు. ఇలా ఇవ్వు.”

“అలా గుంజకు, చంక చిరుగుతుంది.”

“చిరిగితే కుట్టచ్చు. నిన్న నేను వెళ్లాక దీన్ని ఎవరు ముట్టుకున్నారు?”

“ఎవరు ముట్టుకుంటారు? నేనే. లోపలి గుడ్డ వేలాడుతుంటే మిషను మీద ఒక కుట్టేశాను.”

“ఎక్కడ?”

“అంచు దగ్గరేనే.”

“గీతల మీద కాదుగా?”

“నాకు తెలీదా? ఇందులో తీగలు లేవు, వెండి సిరాతో అచ్చేసిన గీతలే తీగలు, వాటి మీద సూది దిగకూడదు. వందసార్లు చెప్పావు.”

“చెప్పాను. అందుకే అడుగుతున్నా. మీటరు ఏదీ? ఆఁ. గీత బాగున్నంత మేరా ఇది కూస్తుంది, విను. జేబు దగ్గర కూసింది. నడుం దగ్గర కూసింది. చంక కింద...”

“కూసిందిగా.”

“అది హాల్లో ఎవరిదో ఫోను. ఇక్కడ ఆగిపోయింది. అక్కా, ఇదేంటి?”

“ఏది?”

“ఇది! జానెడు పొడుగునా గీత మీదే కుట్టు. పక్కన కాదు, సరిగ్గా మీద. స్కేలు పెట్టి కుట్టినట్టు. వెండి సిరా అంతా తునాతునకలైపోయింది.”

“టీచరుగారూ, మొదలుపెడదామా? అందరూ వచ్చేశారు. డైరెక్టరుగారు కూడా.”

“పది నిమిషాలండీ. అంతా బాగానే ఉంది... ప్యూను వెళ్లిపోయాడా? తలుపు వెయ్యక్కా.”

“వేశాను. మాటలతో చెప్పరాదటే వాళ్లకి? పలక మీద బొమ్మ గీసి?”

“మాటలతో చెప్తే షాకు కొడుతుందా, ఉతకచ్చా అని రెండు ప్రశ్నలు అడిగి ఆవలిస్తారు. కరెంటంటే వాళ్లకి డబ్బా, తీగలు, ఇంజినీరు. గుడ్డే తీగ అని కళ్లముందు వెలిగించి చూపిస్తే అప్పుడు సిరా వాళ్లంతట వాళ్లే చేతిలోకి తీసుకుంటారు. కిందటిసారి కోటు వెలగకపోతే డైరెక్టరుగారు ఏమన్నారో గుర్తుందా?”

“గారడీలొద్దన్నారు.”

“అందరి ముందూ అన్నారు. ఇవాళ కూడా వెలగకపోతే ఈ కోర్సే ఉండదు. అక్కా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. కావాలని చేశావా?”

“ఏంటే ఆ మాట!”

“పోయినవారం కాంటీన్లో అన్నావట. మా చెల్లెలు గుడ్డ మీద కరెంటు అచ్చేస్తోంది, ఇక సూదులు మూటగట్టి అటకెక్కించాల్సిందే అని.”

“నవ్వులకి అన్నానే.”

“ఎవరూ నవ్వలేదట.”

“వాళ్లు నవ్వకపోతే నేనేం చెయ్యను? నిన్ను బళ్లో వేసింది నేను. నీ మొదటి గౌను కుట్టింది నేను. నీ పని నేను చెడగొడతానా?”

“మరి చూస్తూ చూస్తూ గీత మీద సూది ఎలా దిగింది? కళ్లు మూసుకుని కాజాలు కుట్టేదానివి నువ్వు!”

“అయిందేదో అయింది. బాగుచేసే దారి చెప్పు.”

“ఈ ఉక్కుదారంతో తెగిన మేరా ఆ కొసకీ ఈ కొసకీ కలపాలి. గీతలోంచి పోవాల్సిన కరెంటు దారంలోంచి పోతుంది. ఇదిగో సూది.”

“నువ్వు కుట్టు.”

“నేనా? బొత్తాం కుట్టమంటే చొక్కాని నా లంగాకి కలిపి కుట్టినదాన్ని. ఇరవైమంది ముందు నా కుట్టు పెడతావా?”

“అయితే దారం ఎక్కించి ఇవ్వు.”

“నీకు నేను దారం ఎక్కించాలా? విడ్డూరం!”

“ఉక్కుదారం కదే. అలవాటు లేదు.”

“సరే... ఇదిగో, ఎక్కించా. త్వరగా కానీ. తర్వాత అనుకున్నట్టే జాకెట్టు వేసుకుని సైకిలు మీద హాల్లో ఒక చుట్టు తిరుగు. కుడికి తిరిగేటప్పుడు కుడిచెయ్యి...”

“సైకిలు నేను తొక్కను.”

“అదేంటి? నువ్వు రోజూ తొక్కడం చూసే కదా ఈ జాకెట్టు చేశాను.”

“మోకాలు నొప్పి.”

“పొద్దున మూడంతస్తులు మెట్లెక్కి వచ్చావు.”

“అందుకే నొప్పి.”

“నీళ్లు నమలకు. ఎందుకు తొక్కవు?”

“అంతమంది మధ్యలో... కుర్చీలు, కాళ్లు... ఎవరికైనా తగిలితే?”

“సంతలో తొక్కావు. వానలో తొక్కావు. నన్ను వెనకా, కూరల సంచీ ముందూ పెట్టుకుని తొక్కావు. ఇవాళ కుర్చీలు అడ్డొచ్చాయా? కుట్టవు, దారం ఎక్కించవు, సైకిలెక్కవు. ఒక్కమాటలో చెప్పచ్చుగా!”

“ఏం చెప్పమంటావే?”

“నేను నలుగురిలో నిలబడి పాఠం చెప్తుంటే నువ్వు చూడలేకపోతున్నావని!”

“...నిజమే.”

“ఏంటి?”

“నిజమే. చూడలేకపోతున్నాను.”

“అంత మాట... నా మొహం మీదే అనేశావా అక్కా?”

“టీచరుగారూ! డైరెక్టరుగారు లేచి వెళ్లిపోతున్నారండీ!”

“ఆపండి ఆయన్ని, వచ్చేస్తున్నా! ...ఏడవడానిక్కూడా టైము లేదు నాకు. తర్వాత తేల్చుకుందాం. సూది పట్టుకో. గీత ఇక్కడ తెగింది. ఈ కొస దగ్గర మొదలుపెట్టు.”

“నా వేలు పట్టుకుని ఆ కొస మీద పెట్టు.”

“ఎదురుగా ఉంది కదక్కా! అంత వెండి గీత, తళతళా మెరుస్తూ...”

“నాలుగు నెలలైందే, నాకు ఏదీ మెరవక. అంతా పొగే. నిన్న చేతికి తగిలిన నీ గీతే అంచనుకుని కుట్టేశాను. వేలు పెట్టమ్మా, నీ గీత ఎక్కడుందో తడుముకుంటూ కుట్టేస్తాను.”