ఆవు తీసి బర్రె పెట్టు

మెదక్‌ల జాఫర్ చాయ్ దుకాణం అరుగు మీద కూసుండి అర్జీలు రాసే అస్గర్‌కు గా పొద్దు చెయ్యి తప్పింది. వజ్రమ్మ బర్రె బందెలదొడ్లె పడ్డది. ఇంటికాడ దూడ పాలకు అరుస్తున్నది. ఇడిపియ్యుమని దొడ్డి చూసే సాబుకు అర్జీ. అంతకుముందు రాసింది ఒకరి ఆవు సంగతాయె, గదే ఊపుల బర్రె అనేకాడల్లా ఆవు అని రాసిండు. కాయితం చింపి మళ్ల మొదటికొచ్చిండు.

గది చూసి, సెలవుకు ఊరికొచ్చి ఆడ చాయ్ తాగుతున్న అమరేందర్ పకపక నవ్విండు. పట్నంల కంప్యూటర్ కాడ కొలువని చెప్పుకుంటడు. కంప్యూటరంటె మెదక్‌ల ఎవ్వరూ చూసినోళ్లు లేని కాలం.

"గింతదానికి కాయితం చింపుతరా భాయ్? మా మిషన్ల ప్రోగ్రాములు రాసేటందుకు ఎడిటర్ అని ఒకటుంటది. నేనైతే ఇంటికి ఉత్తరాలు, సెలవు చిట్టీలు అన్నీ దాంట్లనే రాస్త. ‘ఆవు తీసి బర్రె పెట్టు’ అని ఒక్కపారి కొడితే, ఎన్నిచోట్లుంటే అన్నిచోట్ల మారుతది!"

"చింపకుంటనా?" అస్గర్ అడిగిండు. గసొంటిది మెదక్‌కొస్తే తన కాడికి ఎవరొస్తరు?

"గంతేనా! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మా దోస్తు కరుణాకర్ పెండ్లిపత్రిక దాంట్లనే కొట్టిన. పిల్ల తండ్రొచ్చి పిలగాని పేరు మార్చుమన్నడు, మార్చిన. పందిట్లకు పోయి చూస్తె పీటల మీద వేరే పిలగాడు! కరుణాకర్ బంతిల కూసుండి బూరెలు తింటుండు, పెండ్లి తనదన్న యాదే లేదు!"

"యా అల్లా!" జాఫర్ చాయ్ చెయ్యి మీద పోసుకున్నడు.

"అది పోనీ. మొన్న ఉత్తగనే ‘ఆవు తీసి బర్రె పెట్టు’ అని కొట్టి పండుకున్న. తెల్లారి పట్నంల ఒక్క ఆవు లేదు! సడకంత నల్లగ బర్రెలే! పాలోళ్లు లబలబ మొత్తుకుంటే మళ్ల మార్చిన. తోకలు మర్సిపోయిన, అవి ఇంక బర్రె తోకలే. పోయి చూడుండ్రి!"

ఇంక తన పని ఖతమని అస్గర్ కలానికి మూత పెట్టిండు.

గప్పటిదాంక అర్జీ కోసం అరుగు కింద కూసుండి, గదుమ కింద చెయ్యి పెట్టుకొని ఇన్న వజ్రమ్మ లేసింది.

"బిడ్డా అమరేందర్, గంత మొగోనివైతివా? నా బర్రెను దొడ్లెకు తోలిందెవ్వరనుకున్నవ్? మీ నాయననే. మీ చేన్ల రెండు గరికపోసలు కొరికిందని. పట్నమంత మార్చినోనివి, పోయి మీ నాయన నోట్ల ఒక్క మాట మార్చు. ‘తోలుకపో’ అనిపియ్యి, చాలు. నేనీడనే కూసుంట."

తండ్రి ముంగట అమరేందర్ గొంతు లేవదని ఊరందరికెరికనే.

"నాయనకా? మిషన్ పట్నంల ఉండె పెద్దమ్మా..." అనుకుంట చాయ్ ఇడిసిపెట్టి లేసిండు. ఇంటి దిక్కు పోలే, బస్టాండు దిక్కు పోయిండు.

వజ్రమ్మ అస్గర్ పక్కకొచ్చి కూలబడ్డది.

"మూత తియ్యి భాయ్. దూడ అరుస్తున్నది, జర జల్ది రాయి."