గులాబీ మొక్క తూకం

కడియంలోని తన నర్సరీ మొక్కల్ని ఆయన ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టి ఏడాదయింది. కొన్నవాళ్లు మాత్రం లేరు. భార్య పోయిన మూడో నెలలో రాజమండ్రి నుంచి కంప్యూటరమ్మాయిని పిలిపించాడు.

"ఒక్క గులాబీ మొక్క హైదరాబాదు పంపడానికి తొమ్మిది వందలు చూపిస్తోంది. ఎవడు కొంటాడమ్మా? తూకాలన్నీ మా ఆవిడ ఎక్కించింది. అంతా తప్పులతడక. మొత్తం తీసేయ్."

"ఉండండి బాబాయిగారూ, ఒకటి కాటా మీద పెట్టి చూద్దాం. చూశారా, ఏడు వందల గ్రాములు. పిన్నిగారు రాసిందీ అంతేనండి. తడి మట్టితో సహా తూచారు."

"మరి తొమ్మిది వందలెందుకొస్తోంది?"

"కొరియర్ వాళ్లు బరువొక్కటే చూడరండి, పెట్టె ఎంత చోటు తింటుందో కూడా లెక్కేస్తారు. ఇక్కడ పెట్టె పొడవు రెండడుగులని ఉంది. ఈ కొలతలెవరిచ్చారండి?"

"నేనే. లారీకెక్కించే పెట్టె అదేగా."

"అందులో డజను మొక్కలు పడతాయి కదండీ. ఒక్కో మొక్కకీ అంత పెట్టె అనుకుని లెక్క కడుతోందిది. ఇదిగో, మార్చాను. తొంభై చూపిస్తోంది, చూడండి."

ఆయన తెర వంక చూడలేదు.

"తూకమే తప్పని మా ఆవిడచేత మూడుసార్లు తూయించానమ్మా, రెండు వందల రకాలూ."

"మీకు తెలీదు కదండీ."

"మూడోసారికి నిలబడలేకపోయింది. పీటేసుకుని కూర్చుని తూచింది. కూర్చుని తూస్తే తూకమెలా కుదురుతుందే అని తిట్టాను."