రెండు దెబ్బలు

ఆస్పత్రి వరండాలో అన్నాచెల్లెళ్లు. అన్న లారీ డ్రైవరు. చెల్లెలి భర్త గోడౌన్‌లో మూటలు దించేవాడు; అన్న లారీకీ ప్లాట్‌ఫాంకీ మధ్య నలిగి, పొద్దున పోయాడు.

“మళ్లీ చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పనమ్మా? ముందు ఈ నీళ్లు తాగు.”

“నీళ్లు తర్వాత. నువ్వు లారీ వెనక్కి తీస్తున్నావు. ఆయన ప్లాట్‌ఫాం దగ్గర నిలబడ్డాడు. తర్వాత?”

“రోజూ ఉండేదే. బావది పిల్లి గొంతు కదా, ఇంజను మోతలో వినబడదు. అందుకని లారీ బాడీ మీద కొడతాడు. ఒకటి కొడితే ఆగాలి. రెండు కొడితే ఇంకా రావాలి.”

“ఇంట్లోనూ అంతే. కంచం మీద ఒకటి కొడితే ‘చాలు’, రెండు కొడితే ‘ఇంకా వడ్డించు’. నోరు తెరిచి అడగవేం మహానుభావా అంటే నవ్వేవాడు.”

“ఏడవకు తల్లీ.”

“ఏడవట్లేదు. ఇవాళ ఎన్ని కొట్టాడు?”

“రెండు.”

“నా మొహం చూసి చెప్పు.”

“రెండే. నీ మీద ఒట్టు. రెండు విన్నాను కాబట్టే వెనక్కి తీశాను. లేకపోతే నా చేతులతో నేను... బావనమ్మా, నా బావ!”

“నిన్నేమీ అనట్లేదన్నయ్యా.”

“సూపర్‌వైజరూ అదే అన్నాడు. తప్పు బావదేనట. మధ్యలో నిలబడి రమ్మన్నాడట.”

“అతను చూశాడా?”

“లేదు... నేను చెప్పిందే...”

“రోజూ కొట్టినట్టే కొట్టాడా?”

“అంటే?”

“టక్. కాసేపాగి, టక్. ఆయనకి దేనికీ తొందరుండదు.”

“ఇవాళ... కాస్త గట్టిగా కొట్టాడు.”

“గట్టిగా?”

“దబ్‌దబ్‌మని. వెంటవెంటనే. పని తెమలట్లేదేమో, తొందరపడుతున్నాడనుకున్నా.”

“లోపలికెళ్లి ఆయన్ని చూశావా?”

“నా వల్ల కాలేదమ్మా.”

“నేను చూశాను. దుప్పటి తీసి చేతులు పట్టుకున్నాను.”

“వద్దు, ఇప్పుడవన్నీ ఎందుకు...”

“అరచేతులు రెండూ కమిలిపోయి ఉన్నాయి.”

“మూటలు మోసే చేతులు కదమ్మా...”

“ఆ చేతులు నాకు తెలియవా? పొద్దున నా చేతిలోంచి అన్నం డబ్బా అందుకున్నప్పుడు బాగానే ఉన్నాయి.”

“ఏమంటున్నావు నువ్వు?”

“ఆయన రెండుసార్లు కొట్టలేదన్నయ్యా. ఆగమని, రెండు చేతులతో ఒక్కసారి కొట్టాడు.”